కుడివైపు బంతి

సూర్యాపేట గ్రౌండులో ఆ రోజు కుడి అంచున కరుణ ఒక్కతే ఉంది. ఎదుటి జట్టు పిల్ల ఒక్కతీ దరిదాపుల్లో లేదు. చెయ్యెత్తి, గొంతెత్తి పిలిచింది కూడా. బంతి మైదానం నడిమధ్యన, మమత కాళ్ళ దగ్గర ఉంది. మమతకు అంత ఖాళీ జాగా దొరికితే ఏమవుతుందో నకిరేకల్‌లో ఎవరినడిగినా చెబుతారు. కానీ మమత ఎడమకు తిరిగింది. అక్కడ ముగ్గురు కాచుకుని ఉన్నారు. బంతి పోయింది.

మైదానం గీతకు బయట నిలబడ్డ గ్రేస్ తన కళ్ళను తానే నమ్మలేదు. మమత ఒంటి మీది పదో నంబరు బనియన్‌ను ఒకప్పుడు నాలుగేళ్ళు తొడుక్కుని ఆడిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ జట్టుకు కోచ్. మమత ఎప్పుడు ఎటు తిరుగుతుందో మమత కంటే ముందు తనకు తెలుస్తుందని అనుకునేది. ఆ రోజు తెలియలేదు.

వాళ్ళది తొలిపొద్దు క్లబ్. తెలంగాణ వచ్చిన ఏడే మొదలైంది. రిటైరైన డ్రిల్ మాస్టారు నాగేందర్ సారు నిమ్మకాయల మార్కెట్ వెనక ఖాళీ జాగాను చదును చేయించి ఆడపిల్లల చేత బంతి తన్నిస్తుంటే అప్పట్లో నవ్వనివాళ్ళు లేరు. ఇప్పుడు మ్యాచ్ ఉందంటే మార్కెట్ హమాలీలు కూడా బస్తాలు దించి గోడెక్కి చూస్తారు. చాయ హోటల్ దగ్గర ఎప్పుడూ ఒకటే వాదన నడుస్తుంటుంది. క్లబ్‌లో ఆట అల్లినవాళ్ళలో ఎవరు గొప్ప? గోల్ కొట్టేవాళ్ళు వేరు, ఆట అల్లేవాళ్ళు వేరని ఈ పదేళ్ళలో వాళ్ళకు బాగా అర్థమైంది. అల్లినవాళ్ళు ముగ్గురే. మొదట గ్రేస్. ఆమె బంతిని ఎప్పుడూ దూరం పంపేది కాదు. దగ్గర దగ్గరగా, ఓపికగా, ఎదుటివాళ్ళు విసిగిపోయేదాకా తిప్పేది. తర్వాత స్వరూప. ఆమె చూపు ఒకచోట, బంతి ఒకచోట. ఎదుటి జట్టే కాదు, సొంత జట్టు పిల్లలు కూడా మోసపోయేవాళ్ళు. మూడోది మమత. ఇంకా తెరుచుకోని సందును కూడా ఆమె ముందే చూస్తుంది. బంతి పోయాక గాని అక్కడ దారి ఉందని మిగతావాళ్ళకు తెలియదు.

ఆ ముగ్గురిలో స్వరూప పేరు గ్రేస్ ముందు ఎవరూ ఎత్తరు. తొలిపొద్దు క్లబ్‌లో పేరు తెచ్చుకుని, ఒక సీజన్ మధ్యలో ఆలేరు జట్టుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ జట్టుకే కోచ్.

సూర్యాపేట నుంచి వ్యాన్‌లో వస్తూ గ్రేస్ అడిగింది. "కరుణ గంతగనం మొత్తుకుంటుంటె ఇనబడలేదా మమతా?"

"ఇనబడ్డదక్కా. జర ఆలస్యమైంది." మమత కిటికీలోంచి చూస్తూనే జవాబిచ్చింది.

మంచి ఆటగాళ్ళకూ చెడ్డ రోజులుంటాయని గ్రేస్ ఊరుకుంది. కానీ తర్వాతి మ్యాచ్ నెల గడిచాక కోదాడలో జరిగింది. అక్కడ ఆమె బంతిని చూడటం మానేసి మమతనే చూసింది. ఎడమకు వెళ్ళిన ప్రతి బంతీ బంగారం. కుడివైపు మాత్రం గోడ కట్టినట్టే. కరుణ మ్యాచంతా ఉత్తపుణ్యానికి ఉరికింది.

అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. ఆడినవాళ్ళందరికీ బడి వరండాలో అన్నాలు పెట్టారు. మమత కూర్చున్న చోటికి కరుణ పళ్ళెం పట్టుకుని వచ్చి కుడిపక్కన కూర్చుంది. మమత ఉలిక్కిపడింది. పళ్ళెం తీసుకుని లేచి, వరండా చివరికి వెళ్ళి, కుడి భుజం గోడకు ఆనించి కూర్చుంది. కరుణ అన్నంలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కరుణ ఎవరో కాదు, గ్రేస్ వాళ్ళ అన్న డానియల్ కూతురు. వాళ్ళది చర్చి వాడ. గ్రేస్ తల్లి బిక్షమ్మ జీవితమంతా ఒకరి పొలంలో నాట్లేసిన మనిషి. పళ్ళెం జరపడమంటే ఏమిటో గ్రేస్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మమతది రైతు కుటుంబం, నిమ్మతోట ఉంది. క్లబ్‌లో ఈ పదేళ్ళలో అలాంటి మాట ఎన్నడూ రాలేదు. రానివ్వలేదు. ఇప్పుడొచ్చిందా? బంతి కూడా అందుకేనా?

ఆ సాయంత్రం కరుణ వాకిట్లో బూట్లకు అంటిన మట్టి గీకుతుంటే గ్రేస్ పక్కన కూర్చుంది.

"మమత నీకు బంతి ఎందుకిస్తలేదు?"

"ఏమో అత్తా."

"ఏమన్న అన్నదా నిన్ను?"

"అనలే."

"మరి లొల్లైందా మీకు?"

కరుణ తల ఎత్తలేదు. బూటు మీద రెండు నీటిచుక్కలు పడ్డాయి. "ఆమెను ఏమనకు అత్తా. నీకు దండం పెడుత."

 అవమానపడ్డ పిల్లే అవమానించినదాన్ని వెనకేసుకొస్తోందని గ్రేస్ అనుకుంది. తన చిన్నతనంలో తల్లి కూడా ఇలాగే అనేది. పోనీ బిడ్డా, ఏమనకు, పెద్దోళ్ళు.

మర్నాడు తను డ్రిల్ టీచరుగా పనిచేసే బడిలో పీరియడ్ ముగియగానే గ్రేస్ నిమ్మకాయల మార్కెట్‌కు నడిచింది. మమత తండ్రి సైదులు చెట్టుకింద కుప్ప పోసిన కాయల్లోంచి మెత్తబడ్డవి ఏరి పక్కన పడేస్తున్నాడు. అడగాల్సిన మాట దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చింది గాని, ఎదురుగా నిలబడేసరికి అది నోట రాలేదు.

"ఏం గ్రేసమ్మా, గిట్లొచ్చినవ్?"

"మమత ఆట జర తప్పుతాంది సైదులన్నా. ఇంట్ల ఏమన్న ఫికరా అని అడుగుదామని."

సైదులు చేతిలోని కాయ కింద పెట్టాడు. "నేనే నిన్ను అడగాల్ననుకుంటున్న. మంగళారం మంగళారం పొద్దుమూకేదాంక ప్రాక్టీస్ ఏంది తల్లీ? పిల్ల ఇంటికొచ్చి సక్కగ తినది. తలకాయ నొస్తాందని మూలకు పండుకుంటది. మనిషిని గంతగనం ఉరికిస్తరా?"

మంగళవారం తొలిపొద్దు క్లబ్‌కు సెలవు. మొదట్నుంచీ సెలవే. ఆ మాట గ్రేస్ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. చెబితే ఈ మనిషి రేపట్నుంచి పిల్లను గడప దాటనివ్వడు.

"మ్యాచులున్నయి గదన్నా. జర ఎక్కువనే ఉంటది."

"ఏమోనమ్మ. మీ కరుణ గూడ మా ఇంటికొచ్చుడు బంద్ చేసింది. మా ఇంటామె గోపమ్మ చేసిన సర్వపిండి తినందే పోకపోతుండె. ఆ పిల్ల ఏమన్న అలిగిందా? మా గోపమ్మ రోజు అడుగుతది."

గ్రేస్ మార్కెట్ నుంచి బయటికొచ్చింది. కరుణ ఆ ఇంట్లో తిని పెరిగిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. పళ్ళెం సంగతి ఆమె అనుకున్న చోట కుదురుకోవడం లేదు. కానీ అనుమానం అంతటితో పోలేదు, వేరే చోటికి జరిగింది. లేని ప్రాక్టీసు పేరు చెప్పి మంగళవారాలు ఈ పిల్ల ఎక్కడికి పోతోంది?

ఆ మంగళవారం గ్రేస్ బడికి సెలవు పెట్టి బస్టాండుకెళ్ళింది. చెరుకురసం బండి వెనక నిలబడింది. ఒక ఆడపిల్లను దొంగచాటుగా కాపు కాయడం తనకే సిగ్గనిపించింది. అయినా కదల్లేదు. ఎండ ముదరకముందే మమత వచ్చింది. పక్కన ఇంకొకామె ఉంది. ఎత్తుగా, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, మమత సంచిని తన భుజానికి తగిలించుకుని.

స్వరూప.

హైదరాబాద్ బస్సు వచ్చింది. స్వరూప మమత చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. సొంత చెల్లెల్ని ఎక్కించినట్టు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక కూడా గ్రేస్ అక్కడే ఉంది. చెరుకురసం ఆయన రెండుసార్లు అడిగాడు, అమ్మా తాగుతవా అని.

సాయంత్రం ఆ సంగతి నాగేందర్ సారుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆలేరోళ్ళు మన పదో నంబరును ఒకపారి తీస్కపోయిన్రు. రుచి మరిగిన్రు," అన్నాడు. "హైదరాబాద్ల ఏదన్న పెద్ద జట్టు ఆశ చూపెట్టి తిప్పుతుండొచ్చు. సెమీస్ మనకు ఆలేరుతోటే పడ్డది. యాదుంచుకో."

"మమత గసుంటి పిల్ల కాదు సార్."

"స్వరూప గసుంటిదని నీకు ముందుగాల ఎర్కనా?"

గ్రేస్ లేచి వచ్చేసింది. ఇంటికి నడుస్తుంటే సూర్యాపేటలో, కోదాడలో పోయిన బంతులన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. అంత గొప్ప ఆట అల్లే పిల్ల అన్నిసార్లు ఎలా తప్పుతుంది? చేత కాక తప్పడం వేరు. కావాలని తప్పడం వేరు. మెల్లగా పనికిరానిదాన్నని అనిపించుకుని, వీళ్ళంతట వీళ్ళే వదులుకునేలా చేసుకుంటోందేమో. అప్పుడు పోయినా ఎవరూ ఏమనరు.

మర్నాడు పొద్దున గ్రౌండులో పిల్లలు చుట్లు ఉరుకుతుండగా గ్రేస్ మమతను పిలిచింది.

"నిన్న యాడున్నవ్?"

మమత ఒక అడుగు వేసి, ఒళ్ళంతా తిప్పి, ముఖం పూర్తిగా గ్రేస్ వైపు పెట్టి నిలబడింది. "కాలేజ్‌ల ఉన్ననక్కా."

అబద్ధం చెప్పేవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఈ పిల్ల ఎదురుగా తిరిగి మరీ చెప్పింది. ఇంత మొండితనం ఎప్పుడు నేర్చింది అనుకుంది గ్రేస్. తను బస్టాండులో చూసిన సంగతి చెప్పలేదు. పోయి ఉరుకు అని మాత్రం అంది. ఆమె గొంతులోని చల్లదనానికి పక్కన ఉన్న పిల్లలు కూడా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

సెమీఫైనల్ నల్లగొండలో జరిగింది. మొదటి పదకొండు మందిలో మమత పేరు లేదు. నాగేందర్ సారు తలూపాడు. కరుణ ముఖంలో మాత్రం ఏదో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. గ్రేస్ అది కూడా గమనించింది.

బయట బెంచీ మీద మమత తువ్వాల కప్పుకుని కూర్చుంది. అవతలి పక్క బెంచీ ముందు స్వరూప నిలబడి ఉంది. మ్యాచ్ మొదలవకముందే ఆమె చూపు వెతుక్కుంటూ వచ్చి మమత దగ్గర ఆగింది. మమత కూర్చుని ఉండటం చూసి స్వరూప గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. చిన్నగా నవ్వింది కూడా.

గ్రేస్‌కు ఒళ్ళు మండింది. అంటే ఇదన్నమాట. తొలిపొద్దు జట్టు మమత లేకుండా ఆడాలి. వాళ్ళకు కావాల్సింది అదే. మమత ఆట చెడగొట్టుకోవడం, తను పక్కన కూర్చోబెట్టడం, అంతా వాళ్ళు అనుకున్నట్టే జరిగింది. తన చేత్తో తనే చేసింది.

సగం ఆట అయ్యేసరికి ఆలేరు ఒక గోల్ ముందుంది. మధ్యలో ఆట అల్లే దిక్కు లేక తొలిపొద్దు పిల్లలు బంతిని ఎటుపడితే అటు తన్నుతున్నారు. విరామం ముగుస్తుండగా గ్రేస్ మమత ముందుకొచ్చి నిలబడింది.

"లెవ్వు. ఆడు."

మమత ముఖం పాలిపోయింది. "ఇయ్యాల వద్దక్కా."

"ఎందుకొద్దు?"

మమత తువ్వాల కొస వేలికి చుట్టుకుంది.

"ఆలేరు మీద ఆడనీకి మనసొప్పుతలేదా?"

ఆ మాట వినగానే మమత కళ్ళు పెద్దవయ్యాయి.  వంగి బూటు తాళ్ళు బిగించుకుని, తువ్వాల బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్ళింది. కరుణ పరుగున గ్రేస్ దగ్గరికి వచ్చింది. "అత్తా, ఆమెను పంపకు. నీ కాళ్ళు మొక్కుత, పంపకు." కరుణ కూడానా, అనుకుంది గ్రేస్. "నీ జాగాకు నువ్వు పో" అంది.

మమత అడుగుపెట్టిన కాసేపటికే ఆట రంగు మారింది. ఎడమకు ఒక బంతి వదిలింది. ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి, వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకునేలోపు అది దాటిపోయింది. గోల్. నల్లగొండ జనం లేచి అరిచారు. గ్రేస్ అరవలేదు. ఇంత ఆడగలిగిన పిల్ల ఇన్నాళ్ళూ ఆడలేదు. తన అనుమానానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

సరిగ్గా అప్పుడు మైదానం మధ్యలో బంతి మళ్ళీ మమతకు అందింది. ఆలేరు జట్టులో బలమైన డిఫెండర్ కుడివైపు నుంచి రంకె వేసిన ఎద్దులా దూసుకొస్తోంది. మోచెయ్యి పైకి లేచి ఉంది. మమత అటు చూడనేలేదు. అక్కడ ఎవరూ లేనట్టే నింపాదిగా తల ఎత్తి ఎడమవైపు దారి వెతుక్కుంటోంది.

"మమతా! కుడిపక్క! కుడిపక్క చూడే!"

ఆ కేక తొలిపొద్దు బెంచీ నుంచి రాలేదు. అవతలి బెంచీ నుంచి వచ్చింది. గొంతు చిరిగేలా అరిచింది స్వరూప. మమత రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నేలకు వంగింది. మోచెయ్యి ఆమె తల మీది నుంచి పోయింది. ఇద్దరూ కింద పడ్డారు. రెఫరీ విజిల్ ఊదాడు.

గ్రేస్ కొయ్యబారిపోయింది. ఏ జట్టు కోచైనా ఎదుటి జట్టు పిల్లను కాచుకోమని అరుస్తుందా? అదీ తన సొంత డిఫెండర్ నుంచి? ఆలోచన తెగకముందే స్వరూప గీత వెంబడి ఉరుక్కుంటూ ఆమె దగ్గరికే వచ్చింది.

"ఆమెను బయటికి గుంజు అక్కా. జల్ది. ఆమెకు ఆ పక్క కనబడది."

"ఏంది?"

"కుడి కంట్ల పొర చినిగింది. డాక్టర్ ఆడొద్దన్నడు. ఇంకొక దెబ్బ తగిలితె ఉన్నది గూడ పోతది. నువ్వు కూసోబెట్టినవని పానం నిమ్మలమైంది నాకు. మల్ల ఎందుకు పంపినవ్?"

గ్రేస్ ఆమె ముఖంలోకి చూసింది. చూపు ఒకచోట, బంతి ఒకచోట. ఈ మనిషి ఆట అది. "మా పిల్లను బయట కూసోబెట్టి గెలుద్దామని చూస్తున్నవా?" అంది.

స్వరూప కోప్పడలేదు. "నన్ను నమ్మకు. పోయి నువ్వే చూడు," అంది.

మమత లేచి మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకుంటూ ఉంది. దెబ్బ తగిలిందేమో చూస్తానని రెఫరీతో చెప్పి గ్రేస్ లోపలికి వెళ్ళింది. మమతకు కుడివైపున, భుజానికి చెయ్యెడు దూరంలో నిలబడింది. మాట్లాడలేదు. నీళ్ళ సీసా మూత తీసి, ముఖానికి పక్కగా పట్టుకుంది. ఎండలో ఆడి ఆడి నోరెండిన పిల్ల. సీసా వైపు చూడలేదు. గోల్ వైపే చూస్తూ నిలబడింది. గ్రేస్ సీసాను కొంచెం ముందుకు, ఇంకొంచెం ముందుకు జరిపింది. ముక్కుకు ఎదురుగా వచ్చినప్పుడు గాని మమత అదిరిపడి వెనక్కి తగ్గలేదు.

"అక్కా? నువ్వెప్పుడొచ్చినవ్?"

గ్రేస్ సీసా దించింది. వ్యాన్‌లో కిటికీ వైపు తిరిగిన ముఖం, వరండా చివర గోడ పక్కన పెట్టుకున్న పళ్ళెం, ఒళ్ళంతా తిప్పి చెప్పిన అబద్ధం, అన్నీ ఒక్కసారే వేరే అర్థంతో ఎదురొచ్చి నిలబడ్డాయి. మమత భుజాల చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించుకొచ్చింది.

బెంచీ దగ్గర కరుణ ఆట మధ్యలోనే వచ్చి ఏడుస్తూ నిలబడింది. "నేనే అత్తా. వానకాలం ప్రాక్టీస్‌ల నేను కొట్టిన బంతే ఆమె కంట్ల తగిలింది. ఎవ్వరికి చెప్పనని నాతోటి ఒట్టేయించుకుంది."

"బాపుకు తెలిస్తె ఆట బంద్ చేస్తడక్కా," అంది మమత. "నీకు తెలిస్తె బాపుకు చెప్తవు. మొదట ఏదో నల్లటి పురుగు ఎగిరినట్టుండె. అదే పోతదనుకున్న. రాను రాను ఆ పక్క పరదా పడ్డట్టయింది."

ఆ మ్యాచ్ తొలిపొద్దు క్లబ్ ఓడిపోయింది. ఎలా ఓడిందో గ్రేస్‌కు గుర్తు లేదు.

ఆ సాయంత్రమే గ్రేస్, స్వరూప కలిసి సైదులు ఇంటికి వెళ్ళారు. సంగతంతా విని గోపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సైదులు గ్రేస్ వైపు తిరిగాడు.

"ఎదుటి జట్టామెకు ఎర్కైంది," అన్నాడు. "నీ కాడ ఏండ్ల సంది ఆడుతున్న పిల్ల, నీకు ఎర్క కాలేదా గ్రేసమ్మా? మంగళారం ప్రాక్టీస్ ఉందని నాతోటి ఎందుకన్నవ్?"

   మర్నాడు అందరూ హైదరాబాద్ బస్సెక్కారు.

కంటి దవాఖానలో మమతను ఆపరేషన్‌కు తీసుకెళ్ళాక ఇద్దరు పాత పదో నంబర్లు వరండాలో పక్కపక్కన కూర్చున్నారు. స్వరూప వెళ్ళిపోయాక వాళ్ళంత దగ్గరగా కూర్చోవడం ఇదే మొదలు.

"నీకెట్ల తెలిసింది?" అడిగింది గ్రేస్.

"సూర్యాపేట మ్యాచ్ ఎవరో ఫోన్ల తీసి పెట్టిన్రు. కరుణ ఖాళీగ ఉన్నది. మమత ఎడమకు తిరిగింది. కావాల్నని తిరిగే మనిషి ముందుగాల కుడిపక్క ఒకపారి చూసి తిరుగుతది. గామె చూడనే లేదు. గందుకే ఆమెను నిలదీసిన. ఏడ్సుకుంట చెప్పింది. అప్పట్సంది ప్రతి మంగళారం తీస్కొస్తున్న. లేజర్ పెట్టిన్రు, ఆగలేదు. కోదాడ మ్యాచ్ అయినంక, ఆడొద్దు, ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. సెమీస్ అయినంక బాపుకు చెప్త, సెమీస్‌ల ఆడనని నాకు మాటిచ్చింది."

"నాకొక మాట చెప్పకపోయినవ్."

"చెప్తె నమ్ముతుంటివా?"

వార్డు బాయ్ ఒకతను బండి తోసుకుంటూ పోయాడు. ఆ చక్రాల చప్పుడు దూరమయ్యాక గ్రేస్ ఇన్నేళ్ళుగా అడగని మాట అడిగింది.

"అప్పుడు ఎందుకు పోయినవే?"

స్వరూప నవ్వింది గాని అందులో సంతోషం లేదు. "ఆలేరోళ్ళతోటి మాట్లాడుతున్నవని నన్ను నువ్వు మ్యాచ్‌కు తీస్కపోలేదు. యాదికున్నదా? అప్పటికి నేను వాళ్ళతోటి ఒక్క మాట మాట్లాడలే. నువ్వు ఒద్దనుకున్నంకనే మాట్లాడిన."

గ్రేస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మాట నిజమో, ఇన్నేళ్ళలో స్వరూప తనకు తాను చెప్పుకుని నమ్మిన మాటో ఆమెకు తెలియలేదు. అప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఇప్పుడు తేల్చేవాళ్ళు లేరు. నమ్మాలని మాత్రం అనిపించింది. అది ఆమెకు కొత్త.

ఆపరేషన్ తర్వాత మమత బోర్లా పడుకునే ఉండాలన్నాడు డాక్టరు. కంట్లో నింపిన గాలి పొరను అదిమి పట్టేదాకా ముఖం కిందికే ఉండాలి. నకిరేకల్ ఇంట్లో, మంచం అంచు దాటి తల వేలాడేలా పడుకోబెట్టారు. గ్రేస్ చూడటానికి వెళ్ళిన రోజున కరుణ ఆ మంచం కింద, నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇద్దరి ముఖాలు ఎదురెదురుగా ఉన్నాయి. కరుణ ఏదో చెబుతోంది, మమత కట్టు కట్టిన ముఖంతో పకపకా నవ్వుతోంది. గోపమ్మ సర్వపిండి తుంపులు ఒకటి పైన మంచంలోకి, ఒకటి కింద నేల మీదికి అందిస్తోంది.

గ్రేస్ గడపలోనే నిలబడింది. ఈ ఇద్దరి మధ్యన తను ఏమేమి ఊహించిందో గుర్తొచ్చి ముఖం చిన్నబోయింది. పళ్ళెం జరిపేవాళ్ళు లోకంలో లేరని కాదు. ఉన్నారు, ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో మాత్రం లేరు.

"లోపలికి రా గ్రేసమ్మా, గడపల నిలబడొద్దు," అంది గోపమ్మ.

చూపు మొత్తం తిరిగి రాలేదు. కుడి అంచున కొంత చీకటి అలాగే ఉండిపోయింది. ఏడాది దాటాక, కళ్ళకు గట్టి అద్దాలు కట్టుకుని, తలతో బంతి కొట్టకుండా ఆడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. సైదులు ఆ మాట డాక్టరు చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. చివరికి ఒప్పుకున్నది కూతురు ఏడుపుకు కాదు. స్వరూప ఒకరోజు తోటకొచ్చి, మమత ఆలేరు మీద ఆడిన రోజు మా పిల్లలు ఎవ్వరూ ఆమె జోలికి పోరు, నాది పూచీ అని చెప్పింది. మిగతా జట్ల సంగతి నేను చూసుకుంటానని గ్రేస్ అంది.

చూసుకోవడమెలా అన్నది గ్రేస్ చాలా రోజులు ఆలోచించింది. నడిమధ్యన నిలబడితే నాలుగు దిక్కులూ చూడాలి. కుడివైపు చూడలేని పిల్లకు కుడివైపున మైదానమే లేకుండా చేస్తే? ఒక పొద్దున మమతను తీసుకెళ్ళి కుడి గీత మీద నిలబెట్టింది. "ఇగ ఇదే నీ జాగా. నీ కుడిపక్క గీత, గోడ. గ్రౌండంత ఎడమనే." మమత ఎడమకు చూసింది. మైదానం మొత్తం, ఆ చివరి గోల్ దాకా, ఒకేసారి కనిపించింది. కరుణను ఎడమ అంచుకు మార్చారు.

కొత్త సీజన్‌లో మొదటి మ్యాచ్ సొంత గ్రౌండులోనే. మార్కెట్ గోడ మీద జనం నిండారు. పదో నంబరు పిల్ల అద్దాలు కట్టుకుని వచ్చి కుడి అంచుకు పోయి నిలబడేసరికి గోడ మీద గుసగుసలు మొదలయ్యాయి. గ్రేస్‌కు వినబడేంత దగ్గరగానే.

"ఆట అల్లే పిల్లను తీస్కపోయి మూలకు పెట్టిందేందిరా?"

"ఏదో ఉంటది. ఆమె మేనకోడలు పైకి రావాల్నని గావచ్చు."

"ఊకనే గట్ల చెయ్యది. లోపల ఏదో నడుస్తాంది."

నాగేందర్ సారు గ్రేస్ వైపు చూశాడు, చెప్పరాదూ అన్నట్టు. కంటి సంగతి బయటపెట్టొద్దని మమత అడిగింది. తెలిస్తే ఎదుటి జట్లు ఆ పక్క నుంచే వస్తాయి. గ్రేస్ గోడ వైపు తిరగలేదు. అంటే అననీ అనుకుని, మమత వైపే చూస్తూ నిలబడింది.

బంతి దొర్లుకుంటూ వచ్చి కుడి గీత దగ్గర ఆగింది. మమత పాదం దాని మీద పెట్టి, ఎడమకు తల తిప్పి, ఒక్క క్షణం చూసింది. తర్వాత మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు ఎత్తి కొట్టింది. అక్కడ ఇంకా ఎవరూ లేరు. గోడ మీదివాళ్ళు అయ్యో అన్నారు. కరుణ అప్పటికే ఉరుకుతోంది.